గల్లా మీద కూర్చునే అల్లుడికి

అల్లుడూ,

రాత్రి నువ్వు పంపిన వీడియో చూశాను. ఇంగ్లండు బజార్లలో వరసగా షట్టర్లు దించేసిన షాపులు చూపించి, కింద "రేపు మన బీసెంట్ రోడ్డు బజారు గతి కూడా ఇంతే మామయ్యా" అని రాశావు. బట్టల కొట్టు ఎవరికైనా అద్దెకిచ్చేసి ఉద్యోగం చూసుకుంటానంటున్నావని అక్క కూడా ఫోన్లో చెప్పింది. నిర్ణయం నీది, నేను అడ్డం పడను. కాకపోతే అది భయంతో కాకుండా లెక్కతో తీసుకోవాలి. వస్త్రలత బట్టల మార్కెట్లో హోల్‌సేల్ లెక్కలు రాస్తూ బతికినవాణ్ణి కాబట్టి ఏ కొట్టు ఎందుకు నిలిచిందో, ఏది ఎందుకు మునిగిందో కాస్త దగ్గర నుంచే చూశాను. ఆ చనువుతో చెబుతున్నాను.

ముందు ఇంగ్లండు సంగతే చూద్దాం. అక్కడ డెబెన్‌హామ్స్ అని పెద్ద బట్టల షాపు ఉండేది. 1778లో పుట్టింది. 2021 మే నెలలో ఆఖరి షాపులు కూడా మూసేశారు. పేరును మాత్రం బూహూ అనే ఆన్‌లైన్ కంపెనీ కొనుక్కుంది. ఇంతవరకే వింటే ఫోనే మింగేసిందనిపిస్తుంది. కానీ 2005లోనే అప్పటి యజమానులు 23 షాపుల భవనాలు అమ్మేసి, వాటిలోనే దశాబ్దాల పాటు అద్దెకు ఉండేలా రాసుకున్నారు. పైన అప్పులు. జనం ఫోన్ల వైపు మళ్లేసరికి అద్దెలూ వడ్డీలూ కట్టడానికే సరిపోయింది, కొట్టును మార్చుకోవడానికి చేతిలో ఏమీ మిగల్లేదు. ఆ మీద కరోనా వచ్చింది. పోటీ దెబ్బ తిన్న కొట్టు తేరుకోవచ్చు గానీ, అప్పు మెడకేసుకుని పోటీకి దిగిన కొట్టు తేరుకోవడం కష్టం. అందుకే నా మొదటి మాట ఇది: మీ తాతగారు కొన్న ఆ గోడల్ని తాకట్టు పెట్టి డిస్కౌంట్లు ఇవ్వకు.

ఇక మన దగ్గర ఈ ఆన్‌లైన్ ఎలా మొదలైందో తెలుసా? 2007లో ఫ్లిప్‌కార్ట్ పెట్టిన కుర్రాళ్లకు ఆ కొత్తలో వచ్చిన మొదటి ఆర్డరు మన తెలుగు నేల మీది నుంచే, మహబూబ్‌నగర్ నుంచి. ఒకాయన ఏదో పుస్తకం అడిగాడు. ఆ పుస్తకం వాళ్ల దగ్గర లేదు. బెంగళూరు పుస్తకాల షాపుల్లో వెతికి, ఒక షాపులో దొరికితే కొని పంపించారు. నాకు ఇందులో కనిపించే సంగతి ఒకటుంది. సరుకు షాపులోనే ఉంది. మహబూబ్‌నగర్‌లో ఉన్న మనిషికి దాన్ని చేర్చే పూచీ మాత్రం ఆ షాపు తీసుకోలేదు, ఈ కుర్రాళ్లు తీసుకున్నారు. జనం వాళ్ల దగ్గరికి వెళ్లింది ముందు ఆ పూచీ చూసే. డిస్కౌంట్లు తర్వాత వచ్చాయి.

మన కొట్లలో ఆ పూచీ ఏపాటిదో నిజం చెప్పు. గల్లా వెనక గోడ మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న బోర్డు ఇంకా ఉందా లేదా? సైజు చాల్లేదని మర్నాడు వచ్చిన పిల్లని "మడత విప్పేశారుగా అమ్మా" అని పంపేసే సేల్స్‌మన్లు ఎంతమంది? పది చీరలు తీయించి కొనకుండా లేచిన మనిషి మీద మొహం మాడ్చుకోవడం, ఒకే చీరకి ముందొచ్చినవాళ్లకి ఒక రేటు, తర్వాతొచ్చినవాళ్లకి ఇంకో రేటు. ఇవన్నీ జనం సహించారు, ఇంకో దారి లేక. ఫోన్ ఆ దారి చూపించింది. అది ఎన్ని చీరలు చూసినా విసుక్కోదు, నచ్చకపోతే తిరిగి తీసుకుంటుంది. కాబట్టి రేపు పొద్దున్నే ఆ బోర్డు తీయించు. చీర కట్టకపోతే, రసీదు ఉంటే, ఇన్ని రోజుల్లోగా మార్చి ఇస్తామని దాని స్థానంలో ఇంకో బోర్డు పెట్టు. ప్రతి చీరకీ రేటు కాగితం అంటించు. బేరం లేకపోతే ఆడవాళ్లు రారని నువ్వంటావు. బేరం ఆడటం రాక, మోసపోతామేమోనని గుమ్మం ఎక్కనివాళ్లు అంతకంటే ఎక్కువ అల్లుడూ. వాళ్లు నీకు కనిపించరు కాబట్టి లెక్కలోకి రారు.

రేటు దగ్గర మాత్రం ఆన్‌లైన్ కంపెనీలతో కుస్తీకి దిగకు. 2013లో అమెజాన్ మన దేశంలో అమ్మకాలు మొదలుపెట్టింది. 2018లో వాల్‌మార్ట్ 1,600 కోట్ల డాలర్లు పోసి ఫ్లిప్‌కార్ట్‌లో ముప్పాతిక వంతుకు పైగా వాటా కొంది. అంత డబ్బున్నవాళ్లు ఏళ్ల తరబడి నష్టానికి ఓర్చుకోగలరు. నువ్వు ఒక్క దసరాకి ఓర్చుకోలేవు. ప్రభుత్వమూ ఊరుకోలేదు: విదేశీ పెట్టుబడి ఉన్న సైట్లు సొంతంగా సరుకు నిల్వ పెట్టుకుని అమ్మకూడదని, అమ్మేవాళ్లకీ కొనేవాళ్లకీ మధ్య వేదికగా మాత్రమే ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది. 2019 ఫిబ్రవరి నుంచి దాన్ని ఇంకా బిగించింది. వ్యాపారుల సంఘం ఒకటి ఈ రెండు కంపెనీల మీద ఫిర్యాదు చేస్తే 2020లో కాంపిటీషన్ కమిషన్ విచారణకు ఆదేశించింది కూడా. ఆ పోరాటం జరగాల్సిందే. సంఘం చందా కట్టు, మీటింగుకి వెళ్లు. కానీ తీర్పు వచ్చేదాకా నీ కొట్టు ఆగదు కదా.

మరి దేంతో నిలబడతావు? నీ కొట్టులో బంగారం లాంటి వ్యాపారం ఒకటుంది, దాన్నే నువ్వు చిన్నచూపు చూస్తున్నావు. పెట్టుబడి చీరలు. ఒక పెళ్లికి వియ్యపురాలికో చీర, ఆడపడుచులకో రకం, పిన్నులకీ అత్తలకీ ఇంకో రకం, పనమ్మాయికి వేరే. ఒకరికి పెట్టినదాని కంటే ఇంకొకరిది తక్కువగా కనిపిస్తే ఆ మాట ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఈ లెక్క ఏ ఫోన్‌కీ తెలియదు. పెళ్లివాళ్లు జాబితా పట్టుకుని వచ్చినప్పుడు వాళ్లని కూర్చోబెట్టి, వరస వరసగా విడదీసి చూపించు. ఫాల్ కుట్టించి, కవర్ల మీద పేర్లు రాయించి, ఇంటికి పంపించు. మిగిలిన చీరలు పెళ్లయ్యాక తెచ్చిస్తే పూర్తి డబ్బు వెనక్కిస్తామని ముందే చెప్పు. ఆ ఒక్క మాటకి వాళ్లు ఇంకో కొట్టు మెట్టు ఎక్కరు. ఓణీల ఫంక్షను, పంచెల ఫంక్షను, గృహప్రవేశం, అన్నిటికీ ఇదే దారి. మూఢంలో ముహూర్తాలు ఉండవని నువ్వు బెంగపడే రోజుల్లోనే ఆ తర్వాత వచ్చే పెళ్లిళ్ల ఇళ్లకు ఫోన్ చేయాలి.

రెండోది నేత బట్ట. మంగళగిరి నీకు కూతవేటు దూరం. మంగళగిరి పేరు పెట్టి మరమగ్గం బట్ట అమ్మేవాళ్లకి ఆన్‌లైన్లో కొదవలేదు. ఫొటోలో అంచు ఒకేలా కనిపిస్తుంది, చేతికి తగిలితే గానీ తేడా తెలియదు. నీ దగ్గర రెండూ పక్కపక్కన పెట్టు, ఏది మగ్గమో ఏది మరమగ్గమో నువ్వే చెప్పు, రెండూ వాటి వాటి రేటుకే అమ్ము. ఒక్కసారి నీ మాట నిజమని తేలితే, తర్వాత ఆ కొన్నావిడ తన తోడికోడల్ని తీసుకుని వస్తుంది.

మూడోది కుట్టు. రెడీమేడ్ సైజు కుదరక వాపసు పంపే గోల ఆన్‌లైన్ బట్టలకి పెద్ద జబ్బు. కొట్టు వెనకున్న ఆ గదిలో పాత అట్టపెట్టెలు తీసేసి ఒక మిషన్ వేయించు. కొన్న బట్ట అక్కడికక్కడే పొడుగు తగ్గించి, నడుము బిగించి ఇవ్వగలిగితే, వాళ్ల బలహీనత నీకు బలమవుతుంది.

ఫోన్ని శత్రువని కూడా అనుకోకు. కొత్త సరుకు దిగినప్పుడు నీ పాత ఖాతాదార్లకి వాట్సాప్‌లో ఫొటోలు పెట్టు, వద్దన్నవాళ్లకి పెట్టకు. హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉన్న మనవూరి ఆడపిల్లలు వీడియో కాల్‌లో చీర ఎంచుకుంటామంటే ఓపిగ్గా చూపించు. పెద్ద సైట్లలో అమ్మాలనుకుంటే ముందు కాగితం మీద లెక్క వేసుకో: కమిషన్, రవాణా, వాపసు వచ్చినప్పుడు మీద పడే ఖర్చు, నలిగి తిరిగొచ్చిన చీర విలువ. ఇవన్నీ పోగా మిగిలితేనే అమ్ము. అక్కడ కొనేవాడు ఆ సైటు ఖాతాదారు, నీవాడు కాదు. వాడి ఫోన్ నంబరు కూడా నీకు దక్కదు.

బజారు గురించి కూడా ఒక మాట. తోపుడుబళ్లవాళ్లు దారి మూసేస్తున్నారని మీరంతా కమిషనరుకి అర్జీ పెట్టారని విన్నాను. వీధి వ్యాపారులకి 2014లో చట్టమే వచ్చింది, వాళ్లూ ఉంటారు. వాళ్ల జడపిన్నులకీ గాజులకీ వచ్చిన జనమే నీ గుమ్మం ముందు నడుస్తున్నారు. అర్జీలకి బదులు ఏలూరు రోడ్డు కొస నుంచి బందరు రోడ్డు కొస దాకా షాపులవాళ్లంతా కలిసి ఆడవాళ్లకి ఒక శుభ్రమైన టాయిలెట్, బండి పెట్టుకునే చోటు, తాగే నీళ్లు ఏర్పాటు చేయండి. మాల్‌కి వెళ్లేవాళ్లలో సగం మంది వీటి కోసమే వెళతారని నా అనుమానం.

ఖర్చు తగ్గించాలని మీ పాత గుమస్తాని మాన్పించే ఆలోచన ఉంటే మానుకో. మీ ఖాతాదార్ల ఇళ్లలో ఎవరికి ఏ రంగు పడదో అతనికి కంఠతా వచ్చు. సీజన్ సరుకుకి డబ్బు కావాల్సివస్తే వడ్డీ వ్యాపారి దగ్గరికి పోకుండా చిన్న వ్యాపారాలకిచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ చేయించుకుని బ్యాంకుని అడుగు. 2021 జూలై నుంచి చిల్లర వ్యాపారులకీ ఆ అవకాశం ఉంది.

ఇంత చేసినా కుదరకపోవచ్చు. దానికీ ఒక కొలత చెబుతాను. ఆషాఢం నుంచి మళ్లీ ఆషాఢం దాకా ఒక ఏడాది ఇలా నడిపి చూడు. వచ్చిన లాభంలోంచి బయట ఉద్యోగం చేస్తే నీకు వచ్చే జీతం తీసెయ్, ఆ కొట్టు అద్దెకిస్తే వచ్చే అద్దె తీసెయ్. ఇంకా మిగిలితే కొట్టు బతికినట్టే. మిగలకపోతే నిస్సంకోచంగా మూసెయ్, అందులో నామోషీ ఏమీ లేదు. సరుకిచ్చే సూరత్ వాళ్ల బాకీ, పనివాళ్ల జీతాలు పైసాతో సహా తీర్చి మూసెయ్. అలా మూసినవాడు ఎప్పుడు కావాలన్నా మళ్లీ తెరవగలడు, సరుకిచ్చేవాళ్లు ఉంటారు.

ఆదివారం మధ్యాహ్నం చిట్టా పుస్తకాలు, బ్యాంకు కాగితాలు తీసుకుని ఇంటికి రా. మీ అత్తయ్య గోంగూర పచ్చడి నూరి ఉంచుతానంది. తిన్నాక కూర్చుని పోయిన ఏడాది లెక్క ఇద్దరం కలిసి వేద్దాం.

మీ మామయ్య