చూసి నడవని అడుగు

సింగపూర్‌లో దోమల్ని పెంచి మరీ వీధుల్లోకి వదులుతున్నారు. నేషనల్ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ ఈ పనిని 2016లో బ్రాడెల్ హైట్స్, టాంపినీస్, యీషూన్ పేటల్లో మొదలుపెట్టింది. వదిలేవి మగ ఈడిస్ దోమలు, అవి కుట్టవు. వాటి ఒంట్లో ఉల్‌బాకియా అనే బాక్టీరియా ఉంటుంది. అది లేని బయటి ఆడదోమ వాటితో జతకడితే, పెట్టిన గుడ్లలోంచి పిల్లలు రావు. 2020లో ఆ చిన్న దేశంలో 35 వేల మందికి పైగా డెంగీ సోకింది. దోమల్ని వదిలిన పేటల్లో ఆ ముప్పు సుమారు 75 శాతం దాకా తగ్గిందని ఏజెన్సీ చెబుతోంది.

పొగ కొట్టి చంపడం ఉండగా ఇంత శ్రమ ఎందుకు? పొగ మందుల్లో ఎక్కువగా వాడే పైరిత్రాయిడ్‌లు దోమ నరాల్లో సోడియం దారుల్ని మూసుకోనివ్వవు. దోమ గిలగిలా కొట్టుకుని చస్తుంది. సింగపూర్ ఈడిస్ దోమలు ఆ విషాన్ని తట్టుకోవడం నేర్చేశాయి. వాటి ఒంట్లోని పీ450 ఎంజైములు విషాన్ని విరగ్గొట్టి బయటికి పంపేయడం అందుకొక కారణం. అందుకే చాలా దోమల మందుల్లో పైపరోనిల్ బ్యుటాక్సైడ్ అనే మరో రసాయనం కలుపుతారు. అది స్వయంగా పెద్దగా చంపదు, ఆ ఎంజైముల చేతులు కట్టేస్తుందంతే.

అదే ఎంజైముల కుటుంబం మనిషి కాలేయంలోనూ పేగుల్లోనూ ఉంది. మనం మింగే మాత్రల్లో చాలావాటిని అరగదీసేది అదే. పంపరపనస పండులోని కొన్ని పదార్థాలు పేగుల్లో దాని పని ఆపేస్తాయి. కిడ్నీ మార్పిడి జరిగినవాళ్ళు వాడే టాక్రోలిమస్ అనే మందు అప్పుడు రక్తంలో మోతాదు మించి పేరుకుంటుంది. దోమ మందుకు బలం ఇచ్చే కిటుకూ, పండు తిన్న రోగికి మందు వికటించే కారణమూ ఒకే కోవలోవి. మొక్కలు పురుగుల్ని తరమడానికి విషాలు చేసుకుంటే, వాటిని తినే ప్రాణులు తట్టుకోవడానికి ఈ ఎంజైముల్ని పెంచుకుంటూ వచ్చాయని శాస్త్రజ్ఞులు చాలామంది భావిస్తారు. దోమకూ మనిషికీ మధ్య గోడ అనుకున్నంత ఎత్తయినది కాదు.

గోడ ఎత్తు లేనప్పుడు, ఒకరి మీద గురిపెట్టిన విషం ఇంకొకరికి తగిలితే పాపం ఎవరిది?

ఈ ప్రశ్న చాలా పాతది. బౌద్ధ గ్రంథం మజ్ఝిమ నికాయంలోని ఉపాలి సుత్తంలో నాలందా మామిడితోటలో ఒక వాదం నడుస్తుంది. దారిన పోయే జైన సన్యాసి కాళ్ళ కింద ఎన్నో చిన్న ప్రాణులు చస్తాయి. అతనికి చంపాలని లేదు. అది దోషమా? కర్మకు మనసే మూలమన్నది బుద్ధుడి పక్షం. ఆ సుత్తం చెప్పేది బౌద్ధుల వైపు నుంచే. జైనులు తమ పక్షాన్ని ఆచరణలో చూపించారు. సన్యాసి ముందున్న నేలను కాడి పొడవు మేర చూసుకుంటూ అడుగు వేయాలన్నారు. ఏమరుపాటు వల్ల ప్రాణాలకు కీడు చేయడమే హింస అని జైన ఆచార్యుడు ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం తేల్చింది. ఈ నిర్వచనం బుద్ధుడి మాటకన్నా ఒక మెట్టు ముందుకు వెళ్ళింది. చెడ్డ ఉద్దేశం లేకపోతే సరిపోదు, చూడగలిగినదాన్ని చూశావా అని అది అడుగుతుంది.

మందుల సంగతిలో ఆ అడగడం ఎలా ఉంటుందో సింగపూరే చూపింది. కార్బమజపైన్ మూర్ఛకు మంచి మందు. అయితే కొద్దిమందికి అది వికటించి స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ వస్తుంది. చర్మం కాలినట్టు పొరలుగా ఊడుతుంది, కళ్ళు దెబ్బతింటాయి, ప్రాణమూ పోవచ్చు. చాలాకాలం దాన్ని దురదృష్టం అన్నారు. 2004లో తైవాన్ పరిశోధకులు అలా దెబ్బతిన్న 44 మంది రోగులను పరీక్షిస్తే, 44 మందిలోనూ హెచ్‌ఎల్‌ఏ-బి 15:02 అనే జన్యురూపం కనిపించింది. ఇది చైనా, మలయ్ సంతతి వారిలో ఎక్కువ, భారతీయుల్లో తక్కువ, కానీ లేకపోలేదు. 2013లో సింగపూర్ ఆరోగ్యశాఖ, హెల్త్ సైన్సెస్ అథారిటీ కలిసి, ఆసియా సంతతి వారికి ఈ మందు కొత్తగా మొదలుపెట్టే ముందు రక్తపరీక్ష చేయడాన్ని వైద్య ప్రమాణంగా నిర్ణయించాయి. ఆ తర్వాత ఈ మందు వల్ల అలాంటి కేసులు 90 శాతానికి పైగా తగ్గాయి.

2004కు ముందు మందు రాసిన వైద్యుడు నిర్దోషి. పరీక్ష అందుబాటులోకి వచ్చాక కూడా చేయించకుండా రాస్తే, అదే మందు, అదే సదుద్దేశం, కానీ దోషం ఉంది. దుష్ఫలితాన్ని విధి మీదికి తోసే హక్కు తెలివి పెరిగేకొద్దీ తగ్గుతుంది.

ఉల్‌బాకియా దోమల్నీ ఇదే తూకంలో వేయాలి. పుట్టకుండా చేయడమూ ఒక జీవాన్ని అడ్డుకోవడమే, దాన్ని అహింస అనడం సబబు కాదు. కానీ పొగ తేనెటీగనూ సీతాకోకనూ వదలదు. ఈ పద్ధతి ఒక్క ఈడిస్ ఈజిప్టి జాతినే తాకుతుంది. అది కూడా ఆఫ్రికా నుంచి మనుషుల వెంట వచ్చిన జాతి. మగవాటిని వేరుచేసేటప్పుడు పొరపాటున ఆడదోమ కలిస్తే అదీ గొడ్డుబోవాలని తక్కువ మోతాదు ఎక్స్‌రే కొట్టే పద్ధతినీ ప్రయోగాల్లో వాడారు. నేలను చూసి వేసిన అడుగు ఇది.

కార్బమజపైన్ సంగతిలో తైవాన్‌లో ఆ జన్యురూపం దొరికింది, దెబ్బతిన్నవాళ్ళ వివరాలను వైద్యులు పోగుచేయబట్టే. భారతదేశంలో మందుల దుష్ఫలితాలను నమోదు చేసే కార్యక్రమం 2010 నుంచి నడుస్తోంది. రోగులే నేరుగా చెప్పవచ్చు. ఏ మాత్ర వేసుకున్నాకైనా ఒంటి మీద దద్దుర్లు, నోట్లో పుళ్ళు వస్తే వెంటనే వైద్యుణ్ణి కలవండి. తర్వాత మందు పేరు, మొదలుపెట్టిన తేదీ రాసుకుని 1800-180-3024 నంబరుకు ఫోన్ చేసి చెప్పండి. ఈ కాల్‌కు డబ్బు పడదు.