పరిమళం మీద తీర్పు

సెంట్ల తయారీలో అంబర్ అనేది ఒక్క పదార్థం పేరు కాదు. మధ్యధరా తీరంలో పెరిగే సిస్టస్ పొదల జిగురు లాబ్డనం, సాంబ్రాణి, వెనిల్లా కలిస్తే వచ్చే వెచ్చని తియ్యని కూర్పును ఆ పేరుతో పిలుస్తారు. దానికి లవంగం, మిరియం లాంటి మసాలాలు, వాటిపైన నారింజ జాతి తొక్కల నూనె చేరితే ఘాటైన అంబర్ సెంటు అవుతుంది. 1977లో ఈవ్ సెయింట్ లారెంట్ సంస్థ విడుదల చేసిన ఓపియమ్ ఈ కోవలో బాగా పేరు పడ్డది. ఇలాంటి సెంటు పూసుకుని ఒకరు "బాగుంది" అంటారు, మరొకరు ముక్కు మూసుకుంటారు. ఈ ఇద్దరిలో ఒకరి మాట తప్పు కాగలదా, లేక వాసన విషయంలో తప్పొప్పులే లేవా అన్నది పాత తాత్విక ప్రశ్న.

తత్వవేత్తలు ఘ్రాణేంద్రియాన్ని పెద్దగా పట్టించుకోలేదు. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో రూపాన్ని, అంటే రంగును, ఏడు రకాలుగా, రసాన్ని, అంటే రుచిని, ఆరు రకాలుగా విభజించాడు. గంధానికి వచ్చేసరికి సురభి, అసురభి అని రెండింటితో సరిపెట్టాడు. అంటే మంచి వాసన, చెడ్డ వాసన. విచిత్రమేమిటంటే గ్రీకు దేశంలో ప్లేటో కూడా టిమేయస్‌లో ఇదే మాటకు వచ్చాడు: వాసనలకు విడివిడిగా రకాలు లేవు, ఇంపైనవి, ఇంపు కానివి తప్ప. ఈ రెండే ఉంటే తీర్పుకు చోటే లేదు, ఇష్టాయిష్టాలు మాత్రమే మిగులుతాయి. కానీ అన్నంభట్టుకు వెయ్యేళ్ల ముందే, 6వ శతాబ్దంలో, వరాహమిహిరుడు బృహత్సంహితలోని గంధయుక్తి అధ్యాయంలో వేరే లెక్క వేశాడు. పదహారు ద్రవ్యాల్లోంచి నాలుగేసి తీసుకుంటే 1,820 కూర్పులు, ఒక్కో కూర్పులో పాళ్లు మారిస్తే 96 భేదాలు, మొత్తం 1,74,720 గంధాలు. తార్కికుడు రెండుతో ఆగిన చోట గంధాలు కలిపేవాడు లక్ష దాటాడు. ఈ విషయంలో రెండోవాణ్నే నమ్మాలి, ఎందుకంటే ఆ ద్రవ్యాలతో పని చేసింది అతని చేతులే.

వాసన అసలు వస్తువును విడిచి వస్తుందా అన్నది ఇంకా లోతైన చిక్కు. బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయం మూడో పాదంలో ఈ చర్చ జీవుడి గురించి వస్తుంది. జీవుడు అణువంతే అయితే చైతన్యం ఒళ్లంతా ఎలా పరుచుకుంటుందన్న ప్రశ్నకు, పువ్వును దాటి పరిమళం పోయినట్టే గుణం తన ఆశ్రయాన్ని దాటి పోతుందని ఒక సమాధానం. జీవుడు అణువేనన్న రామానుజుడికి ఈ దృష్టాంతం సిద్ధాంతం. శంకరుడికి ఇది పూర్వపక్షం. గంధమూ గుణమే గనుక అది ఆశ్రయాన్ని వెంటబెట్టుకునే కదలాలని, విడిగా పోతే గుణమే కాకుండా పోతుందని ఆయన ఖండించాడు. జీవుడి సంగతి వేదాంతులకే వదిలినా, సెంటు సంగతిలో శంకరుడి మాటే నిలిచింది. మూత తీసి ఉంచిన సీసా ఖాళీ అవుతుంది. ముక్కును చేరేది ఆ ద్రవంలోని అణువులే.

ఆ అణువులన్నీ ఒకేసారి రావు. నారింజ తొక్క నూనెలో అత్యధిక భాగం లిమొనీన్. అది తేలికైనది, మొదట లేచి త్వరగా పోతుంది. లవంగానికి ఘాటునిచ్చే యూజెనాల్ అంతకంటే నిదానం. వెనిలిన్, లాబ్డనం బరువైనవి. చొక్కా మీద పడితే మర్నాటికి కూడా మిగులుతాయి. కాబట్టి ఇలాంటి సెంటుకు మొదలు, నడక, ముగింపు ఉంటాయి. దుకాణంలో కాగితపు ముక్క మీద చల్లి ఒక్కసారి పీల్చి చెప్పే అభిప్రాయం కచేరీలో ఆలాపన మాత్రమే విని లేచిపోయినవాడి అభిప్రాయం లాంటిది.

ఇలా మొదలు, నడక, ముగింపుల రూపం ఉన్నదానికి తీర్పు సాధ్యం. 1790లో తత్వవేత్త కాంట్ దీన్ని ఒప్పుకోలేదు. అందమైనది అన్నప్పుడు అందరి సమ్మతినీ కోరతామనీ, ఇంపైనది అన్నప్పుడు ఎవరి రుచి వారిదనీ విడదీశాడు. ఆయన లెక్కలో వాసన ఇంపు దగ్గరే ఆగిపోతుంది. అంతకు ముందు, 1757లో, తత్వవేత్త హ్యూమ్ ఒక కథను ఎత్తుకున్నాడు. ఒక నవలలోని సాంకో పాంజా అనే పాత్ర బంధువులిద్దరిలో ఒకడికి ద్రాక్షసారాయిలో తోలు రుచి తగిలింది, మరొకడికి ఇనుము. అందరూ నవ్వారు. పీపా ఖాళీ అయ్యాక అడుగున తోలు పట్టీ కట్టిన తాళంచెవి దొరికింది. నారింజ ఆరిపోయాక లవంగం మొండిగా మిగిలిపోయిందనో, అంబర్ అందుకునేలోపు నడుమ వెలితి ఉందనో చెప్పే మాట ఈ కోవదే. ఇంకొకరు తన ముక్కుతో సరిచూసుకోవచ్చు, కాదనవచ్చు, కారణం అడగవచ్చు.

అయితే హ్యూమ్ కోరిన ఆరోగ్యవంతమైన ఇంద్రియం వాసనల లోకంలో ఒకే తీరుగా దొరకదు. మనిషి ముక్కులో సుమారు 400 రకాల గ్రాహకాలు ఉన్నాయి, వాటి జన్యువులు మనిషికీ మనిషికీ మారతాయి. ఆండ్రోస్టెనోన్ అనే పదార్థం కొందరికి చెమట కంపు, కొందరికి వెనిల్లా తీపి, ఇంకొందరికి ఏమీ కాదు. ఈ తేడాలో కొంత ఒక్క గ్రాహకపు జన్యువులో ఉందని 2007లో తేలింది. ఈ అభ్యంతరం ఒక్కో దినుసు మీద చెప్పే మాటను బలహీనపరుస్తుంది. కూర్పు నడక మీద తీర్పును మాత్రం కొట్టెయ్యలేదు, ఎందుకంటే లిమొనీన్ ముందు పోవడం, లాబ్డనం వెనక మిగలడం ఎవరి ముక్కు మీదా ఆధారపడలేదు.

పూసుకోవడం వేరే ప్రశ్న, అది నీతికి సంబంధించినది. వాసన చూసిన పువ్వును దేవుడికి పెట్టకూడదని తెలుగిళ్లలో పిల్లల్ని హెచ్చరిస్తారు. వాసన పీల్చడమంటే అనుభవించడమే, ఎంగిలి చేయడమేనన్నది ఆ ఆచారంలోని భావం. బౌద్ధ గ్రంథం సంయుత్తనికాయంలో ఒక భిక్షువు కొలనులో తామర వాసన చూస్తే అడవి దేవత అతణ్ని గంధం దొంగ అంటుంది. కోయలేదు, విరవలేదు కదా అని అతను వాదిస్తాడు. ఇవ్వనిది తీసుకున్నావన్నది దేవత ఆరోపణ. సెంటు పూసుకున్నవాడి దోషం దీనికి తిరగబడ్డది: అతను అడగనిది ఇస్తాడు. పరిమళం పూసిన చేతిరుమాలు జేబులోంచి తీసినవాడు చుట్టూ ఉన్నవాళ్లకు ఇష్టం లేకపోయినా దాన్ని రుచి చూపిస్తాడని కాంట్ ఆక్షేపించింది ఇందుకే. చూడకూడదనుకుంటే కన్ను తిప్పుకోవచ్చు, ఊపిరి మానడం కుదరదు. వాసనకు తీర్పు లేదన్న చోట కాంట్ పొరబడ్డాడు గానీ ఇక్కడ ఆయనతో పేచీ లేదు.

పూసుకున్నవాడి ముక్కు కాసేపటికే ఆ వాసనకు అలవాటుపడి దాన్ని గుర్తించడం మానేస్తుంది. తనకు తెలియడం లేదని మళ్లీ చల్లుకుంటాడు. కాబట్టి కూర్పు ఎలా ఉందో పూసుకున్నవాడు చెప్పవచ్చు గానీ, మోతాదు ఎంతో పక్కనున్నవారినే అడగాలి. మూసిన గదుల్లో, బస్సుల్లో ఇంత ఘాటైన అంబర్ ఒక్క చుక్కకు మించనక్కర్లేదు.