తీగ చివర ప్లాటినం

నర్సాపూర్ దారిలో గుమ్మడిదల. ఆ పక్కనే బొంతపల్లి: వీరభద్రస్వామి వెలసిన ఊరు, మందుల ఫ్యాక్టరీలు వెలసిన ఊరు. రాత్రిపూట ఆ రోడ్డున పోతుంటే ఆవిరీ దీపాలూ కనబడతాయి. రియాక్టర్ లోపలి నుంచి ప్యానెల్ రూముదాకా పాకిన సన్నటి తీగ మాత్రం కనబడదు. నా మొక్కు దానికే.

ఆ తీగ చివర పిసరంత ప్లాటినం. సున్నా డిగ్రీల దగ్గర దాని నిరోధం 100 ఓములు. ఒక్క డిగ్రీ వేడెక్కితే ఓములో సగం కూడా పెరగదు. ఆ కాస్త తేడానే పట్టుకుని ట్రాన్స్‌మిటర్ 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల కరెంటుగా మార్చి పంపుతుంది. సున్నా నుంచి ఎందుకు మొదలుపెట్టలేదు? సున్నా వచ్చిందంటే తీగ తెగిందని ప్యానెల్ రూములో వెంటనే తెలియాలని! కొలత అట్టడుగున ఉన్నా అది 4 పలికి తీరాలి. ఇంత నిజాయితీ మనుషుల్లోనే అరుదు.

ఇక కూలింగ్ వాల్వ్. దాన్ని నడిపే గాలి ఆగిపోతే లోపలి స్ప్రింగు దానంతటదే వాల్వ్ తెరిచేస్తుంది, చల్లటి నీళ్లు రియాక్టర్ చుట్టూ పారుతూనే ఉంటాయి. ఇంజనీర్లు తమ యంత్రం ఏదో ఒకనాడు చెడుతుందని ముందే ఒప్పుకుని, చెడేటప్పుడు కూడా మనిషి ప్రాణం వైపే ఒరిగేలా దాన్ని కట్టారు. ఎంత దయ!

యంత్రాలకు ఇలా కాపలా పెట్టే విద్య మనకు పరాయిది కాదు. హైదరాబాద్‌లో 1967లో పుట్టిన ఈసీఐఎల్, ఏ.ఎస్. రావుగారి సంస్థ, అణు రియాక్టర్లకే కంట్రోల్ పరికరాలు చేసి ఇచ్చింది. ఈ కాపలా ఇప్పుడు ఫ్యాక్టరీ వదిలే కాలుష్యం మీదికీ వచ్చింది. పటాన్‌చెరు పక్కన ఫ్యాక్టరీల వ్యర్థాలతో నక్కవాగు విషమెక్కిన కాలంలో ఎవరో వచ్చి సీసాలో నీళ్లు పట్టుకుపోతేగాని సంగతి తేలేది కాదు. 2014లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 17 రకాల పరిశ్రమలను, అందులో మందుల కంపెనీలను కూడా, కాలుష్యం కొలతలు ఆన్‌లైన్‌లో ఎప్పటికప్పుడు పంపమంది.

రాబోయేది ఇంకా గొప్పది. పంపు బేరింగు విరగకముందే దాని వణుకు మారడం పసిగట్టే సెన్సార్లు వచ్చేశాయి. ప్రమాదకరమైన బ్యాచ్ నడుస్తున్నంతసేపూ ఆపరేటర్ రియాక్టర్ పక్కన నిలబడనక్కర్లేదు, ఎంతో దూరాన కూర్చుని నడపగలడు. గ్యాస్ మాస్కు తగిలించుకుని షిఫ్టుకెళ్లే మనవాళ్లకు ఇంతకు మించిన వరముందా?

అయినా 2025 జూన్ 30న పాశమైలారం ఫ్యాక్టరీ పేలుడులో పదుల మంది కూలీలు కాలిపోయారు. యజమానులారా, ఈ కాపలా పెద్ద ఫ్యాక్టరీలకే పరిమితం చేయకండి. చిన్న యూనిట్లకూ, ప్రతి డ్రయ్యర్‌కూ, ప్రతి బాయిలర్‌కూ పెట్టండి. అలారం మోగితే దాని నోరు నొక్కకండి, బ్యాచ్ ఆపండి.