అవ్వ ఒకరిది, బువ్వ ఒకరిది

పోయిన సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు నాన్నకి కొత్త ఫోన్ కొనిచ్చాను. తెర పెద్దది, కెమెరా మంచిది, నాలుగు చినుకులు పడినా ఫరవాలేదు. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, జేబులోంచి తన వైరు ఇయర్‌ఫోన్లు తీసి, కన్నం కోసం వెతికారు. దొరకలేదు. "ఇందులో రేడియో ఎట్టా పెట్టాలిరా?" అన్నారు.

అందులో రేడియో లేదు. కొనేటప్పుడు నేను చూసుకోలేదు. ప్రాసెసర్, ర్యామ్, బ్యాటరీ అన్నీ పోల్చి చూసి మరీ కొన్నాను. కానీ ఉన్నవాటి జాబితాయే తప్ప లేనివాటి జాబితా ఏ పెట్టె మీదా ఉండదు కదా.

ఎఫ్‌ఎం తరంగం పొడవు దాదాపు 3 మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే 75 సెంటీమీటర్ల తీగ ఉంటే యాంటెన్నాగా చక్కగా పనికొస్తుంది. అరచేతిలో పట్టే ఫోన్లో అంత తీగకి చోటేదీ? అందుకని చెవిలో పెట్టుకునే వైరునే యాంటెన్నాగా వాడుకున్నారు. ఎంత ముచ్చటైన ఇంజనీరింగ్! నాన్న ఫోన్లో జాక్‌తో పాటు అదీ పోయింది.

జాక్ తీసెయ్యడానికి చెప్పే కారణాలు దొంగవేమీ కావు. ఫోన్ లోపల ప్రతి మిల్లీమీటరుకీ తగవే. బ్యాటరీకి చోటు కావాలి, కెమెరాకి కావాలి, నీళ్ళు దూరే కన్నాలు తగ్గాలి. 2016 సెప్టెంబరులో ఐఫోన్ 7 నుంచి జాక్ తీసేసినప్పుడు యాపిల్ తరఫున ఫిల్ షిల్లర్ ఆ నిర్ణయాన్ని "ధైర్యం" అన్నాడు. అదే వేదిక మీద 159 డాలర్ల ఎయిర్‌పాడ్స్ కూడా చూపించారు. అదే ఏడాది తన పిక్సెల్‌కి జాక్ ఉందని ప్రకటనలో చెప్పుకున్న గూగుల్, మరుసటి ఏడాది పిక్సెల్ 2లో దాన్ని ఎత్తేసింది. ఇష్టం లేనివాళ్ళు వేరే ఫోన్ కొనుక్కోవచ్చుగా అనే మాట అందరూ ఒకే దారి పట్టేకొద్దీ పలచబడిపోతుంది.

ఆఫీసు మీటింగుల్లో మేం దీన్ని ట్రేడాఫ్ అంటాం. అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే కుదరదు అని సర్దిచెప్పుకుంటాం. కానీ ఆ సామెతలో అవ్వని వదులుకునేదీ, బువ్వ తినేదీ ఒకడే. నేను బరువు ఎక్కువైనా ఫరవాలేదని పెద్ద బ్యాటరీ ఫోన్ కొనుక్కుంటే లాభం నాదే, నష్టమూ నాదే. ఇక్కడ అలా కాదు. సన్నటి ఫోను ఒకరికి దక్కింది, రేడియో ఇంకొకరికి పోయింది. జాన్ రాల్స్ 1971లో 'ఎ థియరీ ఆఫ్ జస్టిస్'లో ఉపయోగితావాదం మీద పెట్టిన అభ్యంతరం దాదాపు ఇదే: ఒక మనిషి తన లాభనష్టాలు బేరీజు వేసుకున్నట్టే సమాజం మొత్తానికీ వేస్తే, మనుషులు వేరువేరు అన్న సంగతే మరిచిపోతాం. తెలుగులో ట్రేడాఫ్‌ని రాజీ అంటుంటాం. రాజీ అంటే రెండు పక్షాలూ కూచోవాలి. ఇక్కడ రెండో పక్షాన్ని పిలిచిందెవరు?

నేనూ పిలవలేదు. రెండేళ్ళ కిందట మా అప్లికేషన్లోంచి ప్రింట్ బటన్ తీసేసింది నేనే. వాడేవాళ్ళు వందలో ఇద్దరో ముగ్గురో. కోడ్ తేలికైంది, నాకు మెచ్చుకోలూ వచ్చింది. ఆ ఇద్దరు ముగ్గురు ఎవరు, కాగితం ఎందుకు కావలసొచ్చింది అని నేను అడగలేదు. నాన్న కన్నం కోసం ఫోన్ అంచులు వేలితో తడుముతుంటే అప్పుడు గుర్తొచ్చారు వాళ్ళు.

అలాగని దేన్నీ తీసెయ్యకూడదని కాదు. ఫ్లాపీ డ్రైవ్ పోయింది, పోవలసిందే. కానీ పోగొట్టుకునేవాడికి మనం రెండు బాకీ ఉంటాం. ఒకటి, ఇది తీసేస్తున్నాం అని ముందే, సూటిగా చెప్పడం. రెండు, వాడి నష్టాన్ని నష్టమనే ఒప్పుకోవడం. "అలవాటు పడతారులే" అనకపోవడం. ఎంతమంది వాడుతున్నారన్న లెక్క ఒక్కటే చాలదు, ఎప్పుడు వాడతారన్నదీ చూడాలి. 2023లో కేంద్ర ఐటీ మంత్రిత్వ శాఖ ఫోన్లలో ఎఫ్‌ఎం రేడియో ఉండేలా చూడమని తయారీదారులకి సలహా ఇచ్చింది. తుఫాను వచ్చి నెట్ పోయిన రోజున ఆ సదుపాయం విలువ వేరు.

నాన్న ఫోన్లో ఆకాశవాణి యాప్ పెట్టిచ్చాను. రెండు రోజులు విని, మధ్యమధ్య ఆగిపోతోందని మానేశారు. ఇప్పుడు కొత్త ఫోన్లో మాతో మాట్లాడతారు. సిమ్ తీసేసిన పాత ఫోన్ తలగడ పక్కన రేడియోగా ఉంది. "నువ్వు కష్టపడి కొనిచ్చావు, బాగానే ఉందిలే" అంటారు. ఆ 'లే' నాకు వినబడుతూనే ఉంది.

పోయిన వారం మీటింగులో ఇంకో ఫీచర్ తీసేద్దామన్నారు. వాడుతున్నవాళ్ళకి ముందు ఒక ఉత్తరం రాసి అడుగుదాం అన్నాను. వారం రోజులు ఆలస్యమవుతుంది అన్నారు. అవనిద్దాం అన్నాను.