లంకలో ఒక పూట

కొల్లేరు సరస్సు చూసొచ్చామనేవాళ్లలో చాలామంది ఆటపాకలో గూడబాతులను చూసి, కొల్లేటికోటలో పెద్దింట్లమ్మకు దండం పెట్టుకుని వెనక్కొచ్చేస్తారు. సరస్సు మధ్యనున్న లంక ఊళ్లోకి మాత్రం అడుగుపెట్టరు. ఒకసారి వెళ్లండి. తాటిమాను తొలిచిన దోనెలో కూర్చుంటే నీరు చేతికందుతూ ఉంటుంది. గెడ దించిన చోటల్లా బురదే తగులుతుంది. ఒడ్డున వలలు ఆరుతుంటాయి.

బుడమేరు, తమ్మిలేరు పొంగితే ఆ నీరంతా చేరేది ఇక్కడికే. సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. 2024 సెప్టెంబరులో విజయవాడ మునిగిందని అందరం బాధపడ్డాం. ఆ నీళ్లే తర్వాత కొల్లేటి ఊళ్ల మీదికి వచ్చాయి. నీటి మధ్య ఊరు నిలబడటం తేలిక కాదు. ఐర్లండ్ తీరంలోని గ్రేట్ బ్లాస్కెట్ దీవిని 1953లో ప్రభుత్వం ఖాళీ చేయించింది. మన లంకలు ఇంకా జనంతో ఉన్నాయి, అదే నాకు సంతోషం.

ఫాల్గుణంలో పెద్దింట్లమ్మ జాతరకు వెళ్తే లంక ఊరి కోసం ఓ పూట మిగుల్చుకోండి. అరుగు మీద కూర్చున్న పెద్దాయన్ని పలకరించండి. చుట్టూ నీళ్లున్నా తాగే నీటికి అక్కడ ఎప్పుడూ బెంగే. ఎక్కణ్నుంచి తెచ్చుకుంటున్నారని అడిగి, ఆయన చెప్పేదంతా ఓపిగ్గా వినండి.