మితము వేరు, లేమి వేరు

శిక్షణకై అమీర్‌పేట వచ్చి అద్దెగదిలో వసించే విద్యార్థి, డబ్బు మిగుల్చుకొనుటకు ఉదయం పస్తుండి, సాయంత్రం పంజగుట్ట దారిలో మిరపకాయ బజ్జీలతో ఆకలి తీర్చుకుంటాడు. ఇది ఉపవాస వ్రతమా? కాదు. గ్రాము పిండిపదార్థంలో 4 కాలరీలుంటే, గ్రాము నూనెలో 9 ఉంటాయి. డబ్బూ మిగలదు, దేహమూ బరువెక్కుతుంది.

శరణుల ప్రసాదభావన తగినంతే స్వీకరించమంటుంది, స్వీకరించినది వ్యర్థం చేయవద్దంటుంది. ఆ వ్యయంతోనే నలుగురు కలిసి జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర వండుకోవచ్చు.

అయితే పస్తున్నవానికి మితము బోధించుట ధర్మం కాదు. ముందు అన్నం పెట్టాలి. 2014లో హైదరాబాదు నగరపాలక సంస్థ 5 రూపాయల భోజనం ప్రారంభించింది. బసవేశ్వరుని దాసోహానికి వారసులమైన మనం, మన పంక్తిలో మిఠాయి తగ్గించి పప్పు మరొక గరిటె వడ్డించలేమా?