ఈ ఋణము ఎవరు తీర్చవలెను?

ధ్యాన భాగములు: 2 రాజులు 7:3–11; రోమా 1:14–16



మన కాకుమాను ప్రాంతమువారికి కాలువ నీటి సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. కొమ్మమూరు కాలువను నమ్ముకొని వరి నాటు మనకు, ఎగువ చేలు తడిసి దిగువ చేలు నెర్రెలు విచ్చిన యేడు ఎట్లుండునో తెలియును. ఎగువ రైతు దొంగ కాడు. నీరు దానంతట అదే అతని పొలములోనికి వచ్చినది. అయినను తన మడి నిండిన తరువాత నీటిని క్రిందికి విడువనియెడల, చివరి భూమివాడు అతనిని నిందించును. ఆ నింద న్యాయమైనదే. ఆ నీరు అతనియొద్దనే ఆగిపోవుటకు రాలేదు గదా.

సువార్త విషయములో మనము ఎగువ రైతులము. పౌలు తన్ను తాను దాత అనలేదు, ఋణస్థుడననెను. దానము ఇచ్చిన మెప్పు కలుగును, ఇవ్వకున్నను నేరము లేదు. ఋణము అట్టిది కాదు. ఒకని ఋణమును పొరుగువాడు తీర్చునని ఊరుకొనుటకు వీలు లేదు.

సమరయ పట్టణము ముట్టడిలో నుండగా గాడిద తల ఎనుబది వెండి నాణెములకు అమ్ముడుపోయెను. గవిని బయట నున్న నలుగురు కుష్ఠరోగులు శత్రువుల దండులోనికి వెళ్లి చూడగా, అది విడువబడి యుండెను. వారు తినిరి, త్రాగిరి, వెండి బంగారములు దాచుకొనిరి. అంతలో వారి మనస్సాక్షి మేలుకొనెను. పట్టణమంతయు ఆకలితో చచ్చుచుండగా తాము ఊరకుండుట నేరమని వారికి తోచెను. తెల్లవారువరకైనను ఆగక, ఆ రాత్రియే వెళ్లి ద్వారపాలకులకు చెప్పిరి. ఊరు తమను వెలివేసినదని వారు వార్తను దాచలేదు. మరియు వారు ఎవరిని చెయ్యి పట్టి ఈడ్వలేదు. రాజు సందేహించి మనుష్యులను పంపి చూపించుకొనెను. చెప్పుట వారి పని. వెళ్లి చూచుట విన్నవారి పని.

ఇట్టి మనుష్యుడు మన పొరుగుననే యుండెను. ఒంగోలు సీమలో తాళ్లకొండపాడు వాస్తవ్యుడైన ఎర్రగుంట్ల పేరయ్య, నాటి సమాజము అంటరానివారని దూరముగా నుంచిన మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. వ్యాపారము నిమిత్తము ఏలూరు వైపు వెళ్లినప్పుడు సువార్త వినెను. అతడు ఇంటికి తిరిగి వచ్చి మొదట తన భార్యకు, తరువాత బంధువులకు చెప్పెను. 1866లో జూయెట్ దొరగారి చేత బాప్తిస్మము పొందెను. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఎనిమిదిమందితో ఏర్పడెను. అదే నెలలో క్లౌ దొరగారు తాళ్లకొండపాడు వెళ్లగా, పేరయ్య మాట విని సిద్ధపడియున్న వారిలో ఇరువదియెనిమిదిమంది బాప్తిస్మము పొందిరి. దొరగారు వెళ్లకముందే విత్తనము చల్లబడియుండెను. చల్లినవాడు జీతగాడు కాడు, వేదపాఠశాలలో చదివినవాడు కాడు.

తరువాత 1876–78 సంవత్సరముల గొప్ప కరవు వచ్చెను. క్లౌ గారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము కంట్రాక్టు తీసికొని వేలమందికి కూలి చూపించెను. మన కొమ్మమూరు కాలువ పెదగంజాము వద్ద కలియునది ఆ కాలువతోనే. పని విరామములో ఉపదేశకులు కూలివారి నడుమ కూర్చుండి యేసును గూర్చి చెప్పిరి. అయితే కరవు సహాయము జరుగుచున్న కాలములో బాప్తిస్మమిచ్చుటకు ఆయన ఒప్పుకొనలేదు. గింజల కొరకు వచ్చువాడు క్రీస్తు కొరకు వచ్చినట్లు కాదని ఆయన ఎరుగును. సహాయము ముగిసిన తరువాతనే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

దోర్నకల్ బిషప్పు అజరయ్య గారు (1912లో అభిషిక్తులైరి, 1945లో ప్రభువునందు నిద్రించిరి) బాప్తిస్మము పొందిన ప్రతివాని చేత తలమీద చెయ్యి పెట్టించి, సువార్త చెప్పనియెడల తనకు శ్రమ యని పలికించుచుండిరి. పౌలు 1 కొరింథీ 9:16లో తన్ను గూర్చి చెప్పుకొన్నది వారు చదువురాని కూలివాని నోట కూడ ఉంచిరి. ఇది పాదిరిగారి పని యను మాటకు అంతకంటె జవాబు కావలెనా?

ఇప్పుడు నా తప్పు చెప్పుకొందును. మా ఊరి కాలువ వంతెన దగ్గర ఒక టీ కొట్టు గలదు. పది సంవత్సరములు ఆ పెద్దాయన చేతి టీ త్రాగితిని. నీటి వంతులు, ధాన్యము ధర, మోకాళ్ల నొప్పులు, అన్నియు మాటలాడుకొంటిమి. ఆయన కుమారుడు జ్వరముతో చనిపోగా పరామర్శకు వెళ్లి ప్రక్కన కూర్చుంటిని. కొంతసేపటికి ఆయన, “అయ్యగారూ, ఆదివారం మీరు మైకులో చెప్పేది మా ఇంట్లోకి వినబడుద్ది. చచ్చినోళ్లు లేస్తారంటారు గదా. పదేళ్ల నుంచి రోజూ వస్తా పోతా ఉన్నారు. నాతో ఒక్క మాటైనా అనలేదే? మాలాంటోళ్లకి అది పనికిరాదనా?” అనెను.

నాకు జవాబు లేకపోయెను. ఆయన మతమును గౌరవించి ఊరకుంటినని నన్ను నేను సమాధానపరచుకొని యుంటిని. నిజమేమనగా, ఆయన యెదుట నా మంచి పేరు పోవునేమోయని భయపడితిని. వేదపాఠశాలలో ప్రసంగము చేయ నేర్చితిని గాని బల్లమీద ఎదురెదురుగా కూర్చుండి ఒక్కనితో మాటలాడ నేర్వలేదు. ఆ రాత్రి యోహాను 11వ అధ్యాయములోని లాజరు కథ ఆయనకు చెప్పితిని. ఆయన కన్నీళ్లతో వినెను. నేటివరకు ఆయన మన గుడికి రాలేదు. నేను టీకి వెళ్లుట మానలేదు.

ఒకరు అడుగవచ్చును: మన విశ్వాసమును ఇతరులకు చెప్పుట వారి విశ్వాసమును తృణీకరించుట కాదా? మన రాజ్యాంగపు 25వ అధికరణము విశ్వాసమును ప్రచారము చేయు స్వేచ్ఛ ఇచ్చుచున్నది. అది ఇతరుని మతము మార్పించు హక్కు కాదని సుప్రీం కోర్టు 1977లో తీర్పు చెప్పెను. మనకు దీనివలన చింత యేల? హృదయమును మార్చు హక్కు మనకు ఎన్నడును లేదు, అది దేవునిది. నిందించి, ఆశ చూపి, బెదరించి చెప్పునది సువార్త కాదు. 1 పేతురు 3:15లో అపొస్తలుడు సాత్వికముతోను భయముతోను జవాబు చెప్పుమనెను. పొరుగువాడు తన భక్తిని గూర్చి చెప్పినప్పుడు వినుటకును మనకు చెవులుండవలెను.

మరియొకరు, నా నడతయే నా సాక్ష్యము, మాట యెందుకు అందురు. నడత లేని మాట ఒట్టి డప్పు, నిజమే. కాని ఆ కుష్ఠరోగులు కడుపు నిండి ద్వారము నొద్ద మౌనముగా నిలుచుండినయెడల, రొట్టె ఎక్కడ నున్నదో పట్టణమునకు ఎట్లు తెలియును?

కాబట్టి ప్రియులారా, ఈ నెలలో ఒక్కని పేరు ప్రార్థనలో పెట్టుకొనుడి. కూలిలో జతగాడు కావచ్చును, ప్రక్క యింటి తల్లి కావచ్చును. మొదట వారి కష్టము వినుడి. సమయము వచ్చినప్పుడు ప్రభువు మీకు చేసిన మేలు మీ సొంత మాటలతో చెప్పుడి. వారు నమ్మినను నమ్మకున్నను వారిని ప్రేమించుట మానకుడి. వారికి దుఃఖము వచ్చి, ఏల చెప్పలేదని మనలను అడుగు దినము రాకమునుపే ఈ ఋణము తీర్చుటకు ప్రభువు మనకు ధైర్యమిచ్చును గాక. ఆమేన్.